శాసనమున లోపించిన మాట

ఒకనాడు గ్రామముగా నుండిన కొండాపూరు నేడు కార్యాలయములకును, అద్దె యిండ్లకును, హాస్టళ్లకును నిలయమైనది. ప్రక్కనున్న మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప, దేశము నలుమూలల నుండి యువజనులు కొలువులకై యీ ప్రాంతమునకు వచ్చుచున్నారు. వచ్చినవారికి మొదట ఎదురగునవి రెండే ప్రశ్నలు: పని దొరకునా? ఇల్లు దొరకునా? మొదటిదానికి సమాధానము వారి నేర్పును బట్టియు, రెండవదానికి వారి నడవడిని, అద్దె చెల్లింపగల శక్తిని బట్టియు నుండవలెను. వారెవరిని ప్రేమింతురు, తమ్ము తాము స్త్రీగా నెంచుకొందురా, పురుషుడుగా నెంచుకొందురా యను విచారణతో యజమానికి పనిలేదు. ఈ ధర్మమును రాష్ట్రశాసనముగా చేయవలసినదని తెలంగాణ ప్రభుత్వమును మేము కోరుచున్నాము.

ఈ విషయమున మన నగరము తీర్పవలసిన పాతఋణ మొకటి కలదు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల శాసనమును చేసి, దాని రెండవభాగమున హిజ్రాలను పోలీసు పట్టికల కెక్కింప నుద్దేశించినది. ఆ యడుగుజాడలనే 1329 ఫసలీలో, అనగా 1919లో, నిజాము ప్రభుత్వమును అట్టి శాసనమునే హైదరాబాదున తెచ్చినది. పట్టికకెక్కినవారు స్త్రీవేషమున బహిరంగస్థలమున కనిపించినను, ఆడిపాడినను, వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. రెండేండ్ల వఱకు చెఱసాలలో నుంపవచ్చును. విరాటుని కొలువున బృహన్నలయై నాట్యము నేర్పిన అర్జునుడు ఆనాడు హైదరాబాదునకు వచ్చియున్నచో, నర్తనశాలకు మాఱుగా ఠాణాకు పోవలసివచ్చెడివాడు! ఆంగ్లేయులు పోయిరి. 1948లో సంస్థానము భారతదేశమున కలిసెను. ఆ శాసనము మాత్రము నిలిచియే యుండెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయువఱకు, స్వరాజ్యమున పుట్టిపెరిగిన పౌరులే పరాయిపాలన వేసిన ముద్రను మోయుచుండిరి.

పాతచట్టము పోయినంతమాత్రమున న్యాయము పూర్తియైనట్లు గాదు. 2014 ఏప్రిలు 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించినది. 2019లో పార్లమెంటు చేసిన శాసనము వారియెడల విద్య, ఉద్యోగము, వైద్యము, నివాసము మున్నగు వానియందు వివక్షను నిషేధించినది. అయినను, రెండు పాఠశాలలలో కొలువు కోల్పోయిన యొక ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయురాలి వ్యాజ్యమున, ఆ శాసనము నిర్జీవాక్షరములుగా మిగిలినదని 2025 అక్టోబరులో ఆ కోర్టే చెప్పవలసివచ్చినది.

స్వలింగప్రేమికుల స్థితి యింకను విచిత్రము. వారి ప్రేమ నేరము గాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని యా కారణముననే ప్రైవేటు యజమాని కొలువునుండి తొలగించినచో అది తప్పని సూటిగా చెప్పు శాసనము లేదు. రాజ్యాంగమునందలి 15, 16 అధికరణములు ముఖ్యముగా ప్రభుత్వమును కట్టడి చేయునవి. ప్రైవేటు కార్యాలయపు గడపను అవి సులభముగా దాటజాలవు. లైంగిక ప్రవృత్తి యను మాట 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ శాసనమున కలదు. ఆ కారణమున చికిత్సలో భేదము చూపరాదని యది విధించినది. అనగా, మనసు విఱిగి ఆసుపత్రికి పోయినవారికి రక్షణ కలదు. మనసు విఱిచిన కార్యాలయమున రక్షణ లేదు!

రాష్ట్రప్రభుత్వము తన చేత సాధనము లేదనుటకు వీలులేదు. 1988 నాటి దుకాణములు, సంస్థల శాసనమును, 1960 నాటి యింటి అద్దెల నియంత్రణ శాసనమును రాష్ట్రశాసనములే. మొదటిదానిలోని కొన్ని నిబంధనలనుండి ఐటీ సంస్థలకు మినహాయింపు లిచ్చుచు, రాత్రివేళ పనిచేయు స్త్రీలకు రక్షణ కల్పింపవలెనని ప్రభుత్వము షరతు విధించినది. ఆ షరతు ప్రక్కనే వివక్ష చూపరాదను మఱియొక షరతు చేర్చుట కష్టమా? ఉత్తర్వుతో నారంభించి శాసనసభలో సమగ్రశాసనముతో ముగింపవచ్చును. అందు ఫిర్యాదు విను అధికారి, తీర్పునకు గడువు, నష్టపరిహారము ఉండవలెను. ఫిర్యాదు చేసినవారి పేరు గోప్యముగా నుంచుట అన్నిటికంటె ముఖ్యము. కన్నవారికి తెలియునను భయముననే పలువురు నోరు మెదపకున్నారు. 2021లో గచ్చిబౌలి ఠాణాలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకై ప్రత్యేక సహాయకేంద్రమును తెఱచుటయు, 2024 డిసెంబరులో వారిలో కొందఱిని నగర ట్రాఫిక్ విధులలో నియమించుటయు మెచ్చదగిన పనులే. అయితే ఉత్తర్వులు మాఱవచ్చును, అధికారులు మాఱుదురు, శాసనము నిలుచును.

పెద్దసంస్థలు తమంత తామే మంచి నియమములు చేసికొన్నవి కదా యని కొందఱందురు. దయ వేఱు, హక్కు వేఱు. గుత్తేదారు క్రింద కాపలా కాయువానికి, కారు నడుపువానికి, కార్యాలయము నూడ్చు స్త్రీకి ఆ నియమములు అందునా? సంప్రదాయము చెడునని మఱికొందఱి భయము. వివాహవిషయమును 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు శాసనకర్తలకే వదలినది. అది వేఱు చర్చ. మేమిచ్చట అడుగుచున్నది పనియు, తలదాచుకొన నీడయు మాత్రమే. అస్పృశ్యతను రాజ్యాంగము నిషేధించినందున దేశము మునిగిపోలేదు. మన సిగ్గు కొంత తగ్గినది.

మా పాఠకులలో ఇండ్లు అద్దెకిచ్చువారు పెక్కురు కలరు. నిన్నటివఱకు కులమడిగి తాళపుచెవి యిచ్చిన చేతులు మనవే. అద్దెకు వచ్చినవారి నడవడిని చూడుడు. అద్దె సకాలమున వచ్చునో లేదో చూడుడు. అంతకు మించి యడుగకుడు. దీనికి శాసనము రావలసిన పనిలేదు. శాసనము తేవలసినవారు మాత్రము మఱి యేండ్లు జాగుచేయక, రాబోవు శాసనసభ సమావేశముననే యా లోపించిన మాటను చేర్తురని మేము ఆశించుచున్నాము.