అప్పు చేసి విలేకరి కావాలా?

2025 జనవరి 29 ఉదయం శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగంగా జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 నింగికెగసింది. అలాంటి ప్రతి ప్రయోగానికీ దారి సూళ్లూరుపేట మీదుగానే. చెన్నై, హైదరాబాద్, ఢిల్లీల నుంచి పాత్రికేయులు దిగుతారు. రోడ్డు పక్కన కెమెరాలు లేస్తాయి, మైకులు పట్టుకున్నవారి చుట్టూ జనం మూగుతారు. ఊరి పిల్లలు చూసేది ఆ కెమెరాలనే. ఏడాది పొడవునా ఇక్కడే ఉండి, పులికాట్ మత్స్యకారుల తగాదాల నుంచి హైవే ప్రమాదాల వరకు వార్తలు పంపే స్థానిక విలేకరి నెలాఖరుకు ఇంటికి ఏం తీసుకెళతాడో వారికి తెలియదు. వారి తల్లిదండ్రులకూ తెలియదు.

ఇంజనీరింగ్, ఫార్మసీ తప్ప మరో మాట వినిపించని మన ఇళ్లలో ఇప్పుడు జర్నలిజం చదువుతామనే అబ్బాయిలూ, అంతకంటే పట్టుదలగా అడిగే అమ్మాయిలూ కనిపిస్తున్నారు. ఇది సంతోషించవలసిన మార్పు. అయితే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ప్రైవేటు సంస్థ లక్షల్లో ఫీజు చెప్పినప్పుడు, బ్యాంకు అప్పు కాగితాలపై పిల్లలతో పాటు సంతకం పెట్టవలసింది తండ్రి. చిన్న దుకాణమో, టైలరింగ్ మిషనో, శ్రీసిటీలో కాంట్రాక్టు ఉద్యోగమో తప్ప వేరే ఆధారం లేని తండ్రి. ఆ సంతకానికి ముందు లెక్క చూసుకోవడం పిల్లల కలను తుంచడం కాదు.

లెక్క చూద్దాం. రెండేళ్ల పీజీ కోర్సుకు, హాస్టలుతో కలిపి, ఆరు లక్షల అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. చదివే కాలంలోనూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదాలు కట్టనవసరం లేదని బ్యాంకు చెబుతుంది. అది నిజమే గాని, వడ్డీ మాత్రం ఆగదు. ఆ మూడేళ్లలోనే దాదాపు లక్షన్నర చేరి అప్పు ఏడున్నర లక్షలవుతుంది. దాన్ని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 12,600 రూపాయలు కట్టాలి. తీసుకున్నది ఆరు లక్షలు, తిరిగి చెల్లించేది పది లక్షల అరవై వేలు. గడువును పదిహేనేళ్లకు సాగదీస్తే నెలవారీ భారం 8,300కు తగ్గుతుంది. అప్పుడు మొత్తం చెల్లింపు పదిహేను లక్షల దరిదాపులకు చేరుతుంది.

ఇక రెండో వైపు. కొత్తగా డెస్క్‌లో చేరిన సబ్ ఎడిటర్ చేతికి నెలకు ఇరవై వేలు వస్తాయనుకున్నా, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో గది అద్దెకూ తిండికీ ప్రయాణాలకూ పన్నెండు వేలు పోతాయి. మిగిలిన ఎనిమిది వేలతో పన్నెండు వేల ఆరువందల వాయిదా ఎలా కట్టగలరు? మండల స్థాయి విలేకరి సంగతి చెప్పనే అక్కరలేదు. అతనిది జీతం కాదు, అచ్చయిన వార్తల కొలతను బట్టి వచ్చే లైన్ అకౌంటు. చాలా చోట్ల పండుగ వచ్చిందంటే ప్రకటనల లక్ష్యం కూడా అతని నెత్తినే పడుతుంది. అక్రెడిటేషన్ కార్డుతో బస్సు పాసు వస్తుందేమో గాని బ్యాంకు వాయిదా తీరదు.

చట్టం లేదా అని అడగవచ్చు. ఉంది. మజీఠియా వేతన సంఘం సిఫారసులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. కాంట్రాక్టు ఉద్యోగులకూ అవి వర్తిస్తాయని 2017 జూన్ 19న మరోసారి స్పష్టం చేసింది. అయినా పాత్రికేయులు అమలు కోసం కార్మిక శాఖల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఇతరుల హక్కుల గురించి రోజూ రాసేవారి సొంత హక్కుల గతి ఇది.

మరో మాట కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. వైద్యానికీ న్యాయవాదానికీ పట్టా లేకపోతే ప్రవేశమే లేదు. పాత్రికేయ వృత్తికి అలాంటి నిబంధన లేదు. 2013లో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడిగా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ కనీస అర్హత ఉండాలని ప్రతిపాదించి కమిటీ వేసినా అది చట్టం కాలేదు. కాబట్టి ఖరీదైన పట్టా ఉద్యోగానికి హామీ కాదు. మంచి తెలుగు, ధారాళమైన ఇంగ్లీషు, పత్రాలు చదివి అర్థం చేసుకునే ఓపిక ఉన్నవారిని అది మరింత తీర్చిదిద్దగలదు. అవి లేనివారికి ఇవ్వగలిగింది కొంచెమే.

అయితే ఈ చదువే వద్దందామా? ఆ మాట మేము అనలేము. 2006లో ఢిల్లీలోని 37 జాతీయ మీడియా సంస్థలలో నిర్ణయాధికారం గల 315 మందిని అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ పరిశీలిస్తే ముస్లింలు 3 శాతమే తేలారు. అప్పటికి జనాభాలో మన వాటా 13.4 శాతం. ఆ లోటుకు మూల్యం ఏమిటో 2020 వసంతంలో ప్రతి ముస్లిం కుటుంబమూ చవిచూసింది. తబ్లీగీ జమాత్ పేరిట వార్తల్లో ఎంత విషం చిమ్మారో, కూరగాయల బండి తోసుకునే మన మనిషిని వీధుల్లో ఎలా చూశారో మరచిపోలేము. ఆ ఏడాది ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ మీడియా ప్రచారాన్నీ తప్పుపట్టింది. తీర్పు వచ్చేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆ రోజుల్లో న్యూస్ డెస్క్‌లో కూర్చుని ‘ఈ శీర్షిక తప్పు’ అనగలిగినవారు ఎందరున్నారు? జామియా మిల్లియాలో చదివి 2018లో పులిట్జర్ అందుకున్న డానిష్ సిద్దిఖీ వంటివారు మనలోంచి వచ్చారు. 2021 జూలై 16న అఫ్ఘానిస్తాన్‌లో విధి నిర్వహణలోనే ఆయన ప్రాణం పోయింది. ఈ వృత్తి అడిగే మూల్యం డబ్బు ఒక్కటే కాదని కూడా పిల్లలకు చెప్పాలి.

కనుక మా సలహా ఇది: జర్నలిజం చదవండి, కాని దాని కోసం అప్పులో దిగకండి. మనకు వడ్డీ ధర్మరీత్యా కూడా ఇబ్బందే. జాతీయ మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ ఇచ్చే విద్యా రుణంలో తక్కువ ఆదాయ కుటుంబాలకు వడ్డీ 3 శాతమే గాని, అదీ వడ్డీయే. తప్పనిసరైతే పదిన్నర కంటే మూడు మేలు. అప్పుడైనా రాష్ట్ర మైనారిటీల ఆర్థిక సంస్థ ఆ పథకానికి దరఖాస్తులు తీసుకుంటున్నదో లేదో ముందే కనుక్కోవాలి.

అప్పు లేని దారులు మన దగ్గరలోనే ఉన్నాయి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. అమ్మాయిలకు అదే ఊళ్లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూ చదివినవారికి హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం ఉంది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకుంటే ఇగ్నో డిప్లొమా ఉంది. పెద్ద తెలుగు దినపత్రికలు సొంత జర్నలిజం పాఠశాలలకు ప్రవేశ పరీక్ష పెట్టి, శిక్షణ కాలంలో స్టైపెండ్ కూడా ఇస్తాయి. కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామనే ఒప్పందం రాయించుకుంటాయి, దాన్ని చదివి సంతకం చేయాలి. 2020 డిసెంబరు 25 నాటి 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసివేసిన సంగతిని కూడా ప్రవేశానికి ముందు గుర్తుంచుకోవాలి. లోకల్ రైలు ఉంది కదా అని చెన్నైలో చేరదలచినవారు, రాష్ట్రం దాటితే ఏ సాయం వస్తుందో, ఏది రాదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పరిశోధన వైపు వెళ్లదలచినవారికి ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో కేంద్రం నిలిపివేసింది. దాన్ని పునరుద్ధరించాలని అడుగుతూనే ఉండాలి. ఆలోగా నెట్ రాసి జేఆర్ఎఫ్ సాధిస్తే నెలకు 37,000 రూపాయలు వస్తాయి.

ప్రభుత్వాన్ని అడగడంతో మన బాధ్యత తీరదు. వలీమాకు లక్షలు ఖర్చుపెట్టగల సముదాయం ఏడాదికి ఇద్దరు పిల్లలకు హాస్టలు ఖర్చు ఇవ్వలేదా? సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, తడ మస్జిదు కమిటీలూ అంజుమన్లూ కలిసి ఒక కర్జె హసనా నిధి పెట్టవచ్చు. వడ్డీ ఉండదు, ఉద్యోగం వచ్చాకే చెల్లింపు, అదీ జీతంలో పదో వంతు మించకుండా. ఎంపిక మాత్రం బంధుత్వం చూసి కాదు, ఒక పేజీ వార్త రాయించి చేయాలి. వచ్చే ప్రవేశాల కాలానికి ముందే ఆ కమిటీలు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే, ఏమనుకున్నారో మాకు రాయండి; ఈ పుటల్లో ప్రచురిస్తాము.