జ్వరం వచ్చినా నడక మానరా?



తెల్లవారకుండానే కాలువ గట్టు మీద నడిచేవారిని చూస్తే మాకు సంతోషమే. షుగరు, బి.పి. ఉన్నవారికి నడవమని వార్డులో రోజూ చెప్పేది మేమే కదా! అయితే వీరిలో కొందరు మరీ పట్టుదల మనుషులు. ఒళ్ళు కాలిపోతున్నా, అరికాలికి పుండు పడినా "ఒక్కరోజు మానితే అలవాటు తప్పిపోతుందండీ" అంటారు. కట్టు నిండా గట్టు మట్టితో డ్రెస్సింగుకు వస్తారు.

షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు మీద బరువు పడుతున్నంత కాలం అది మానదు. మందులు ఎన్ని రాసినా అంతే. ముదిరితే కాలు తీసేయవలసి వస్తుంది.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో స్వర్ణం గెలిచాడు. ప్రపంచంలో మొదటి ర్యాంకుకు చేరాడు. అంతటివాడూ 2024లో, అదీ ఒలింపిక్స్ ఏడాదిలో, భుజం గాయం వల్ల ఆసియా ఛాంపియన్‌షిప్ వదులుకున్నాడు. ఆ మే నెలలోనే ఈ జోడీ థాయిలాండ్ ఓపెన్ గెలిచింది. విశ్రాంతి తీసుకుంటే ఆట పోలేదు మరి!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన కనీస లెక్క వారానికి 150 నిమిషాలు. రోజూ గంట తప్పరాదని అందులో లేదు.

నడుస్తుండగా గుండెల్లో బరువుగా ఉంటే ఇంటిదాకా లాక్కురావద్దు. అక్కడే కూర్చుని 108కి ఫోను చేయించండి. కాలికి పుండు ఉన్నవారు కుర్చీలో కూర్చుని చేతులతో చేసే వ్యాయామాలున్నాయి. డ్రెస్సింగు రూములో అడగండి, చూపిస్తాము.