మన గ్రూప్‌లో మనుషుల బేరం పెట్టొద్దు



పోయిన వారం మన గ్రూప్‌లో రెండు పోస్టులు ఒకదాని కింద ఒకటి వచ్చినయి. మొదటిది, ప్రపంచంలో ఇప్పటికీ బానిసత్వం ఎట్లున్నదో చెప్పే పోస్టు. ఎంత ఘోరం, ఎంత అన్యాయం అని అందరం కామెంట్లు రాసినం. దాని కిందనే ఇంకొక మిత్రుడు పెట్టిండు: "సీడ్ పత్తి క్రాసింగ్‌కు పది మంది కావాలె. ఆడపిల్లలైతే మంచిది. అడ్వాన్స్ ఇప్పిస్తం." దానికి కూడా లైకులు పడ్డయి. ఒక తమ్ముడైతే "మా తండాల ఉన్నరు అన్నా" అని ఫోన్ నంబర్ కూడా పెట్టిండు.

రెండో పోస్టును మేం తీసేసినం. కొందరికి కోపమొచ్చింది. "పని దొరుకుతుంటే మీకేం నొప్పి? మీరు హాస్టల్ల కూర్చొని నీతులు చెప్తరు, ఆకలి మీకేం తెలుసు?" అన్నరు. ఆ మాటకు జవాబే ఈ పోస్టు. కొంచెం పెద్దగనే ఉంటది. ఓపికతోని చదవండి, చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొదలు ఒక మాట. మేం కూడా అడ్వాన్స్ ఇండ్ల నుంచి వచ్చినోళ్లమే. మాలో చాలామంది అమ్మానాన్నలు దసరా అయిపోంగనే మూట కట్టినోళ్లే. అవ్వ తాతల దగ్గర పెరిగినం, గురుకులంలో సీటొచ్చింది కాబట్టి బయటపడ్డం. సీటు రాని మా తోటి పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నరో మాకు తెలుసు. కాబట్టి ఆకలి సంగతి మాకు చెప్పనక్కర్లేదు.

ఇక ప్రపంచం లెక్క. అంతర్జాతీయ కార్మిక సంస్థ, వాక్ ఫ్రీ, వలసల సంస్థ కలిసి 2022లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నరు. అందులో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు పనిలో ఉన్నోళ్లు. బానిసత్వం అనంగనే మనకు సినిమాల్ల చూసిన గొలుసులు, కొరడాలు గుర్తొస్తయి. ఇప్పుడు గొలుసు అక్కర్లేదు. గల్ఫ్‌లో పాస్‌పోర్ట్ గుంజుకుంటే చాలు. మయన్మార్, కంబోడియా సైబర్ మోసాల డెన్‌లల్ల గేటుకు తాళం వేస్తే చాలు. ఉద్యోగమని పోయి అక్కడ ఇరుక్కున్నోళ్లల్ల తెలుగు పిల్లలు కూడా ఉన్నరు. 2025 మార్చిలో విమానాలు పంపి వాళ్లను తెచ్చుకోవాల్సొచ్చింది. పాకిస్తాన్ ఇటుక బట్టీల్ల పేష్గీ ఇస్తే చాలు. పేష్గీ అంటే ఏంది? మన అడ్వాన్సే. పేరు మారింది, పని అదే.

"అది వేరే, మన దగ్గర వేరే. ఇక్కడ ఎవరూ కట్టేసి కొట్టరు గదా" అని అంటరు. సరే, చట్టం ఏం చెప్పిందో చూద్దాం.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1975 అక్టోబర్ 25 నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. అంటే యాభై ఏండ్లు నిండినయి. ఆ చట్టంలో దేశంలో వెట్టికి ఉన్న పేర్ల జాబితా ఒకటుంది. అందులో మనం పుట్టినప్పటి నుంచి వింటున్న మాటలున్నయి: జీతం, పాలేరు, భాగేలా, వెట్టి. మన తాతలను ఏ పేర్లతో పిలిచిండ్రో ఆ పేర్లనే ఢిల్లీల కూర్చున్నోళ్లు నేరం కింద రాసిండ్రు. మనకేమో "జీతం ఉండుడు" ఇప్పటికీ మామూలు మాట.

ఆ చట్టం ప్రకారం కట్టేసి కొట్టాల్సిన పని లేదు. అప్పో అడ్వాన్సో తీసుకున్నందుకు, లేకపోతే ఫలానా కులంలో పుట్టినందుకు, కింది నాలుగింట్ల ఏ ఒక్కటి జరిగినా అది వెట్టే. ఒకటి, కూలి లేకుండానో, నామమాత్రపు కూలికో పని చేయాల్సి రావడం. రెండు, వేరే పనికి పోయే స్వేచ్ఛ పోవడం. మూడు, వేరే చోటికి కదిలే స్వేచ్ఛ పోవడం. నాలుగు, తన కష్టంతో వచ్చిన సరుకును బజారు ధరకు అమ్ముకునే హక్కు పోవడం. ఈ నాలుగింటినీ పట్టుకొని మన మూడు జిల్లాలు ఒకసారి తిరిగొద్దాం.

గద్వాల. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు తుంగభద్ర. గట్టు, ధరూర్, మల్దకల్, అయిజ దిక్కు సీడ్ పత్తి పొలాలు. కంపెనీ విత్తనం ఆర్గనైజర్‌కు ఇస్తది, ఆర్గనైజర్ రైతుకు పెట్టుబడి ఇస్తడు, రైతు కూలోళ్లకు అడ్వాన్స్ ఇస్తడు. ఈ గొలుసులో చివరిది ఆడపిల్ల వేలు. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం గిల్లెయ్యాలె, పొద్దున్నే ఇంకో మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలె. ఒక్కొక్క పువ్వుకూ చేతితోనే. మందు కొట్టిన చేన్ల రోజంతా నిలబడాలె. చిన్న వేళ్లయితే నాజూగ్గా చేస్తయని అంటరు. అసలు సంగతి ఏందంటే, చిన్నపిల్లలకు తక్కువిచ్చినా అడగరు. ఆ అడ్వాన్స్ తీసుకున్నది పిల్ల కాదు, తండ్రి. బడి పోయింది మాత్రం పిల్లకు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలో పెట్టినా నేరమన్నరు. అదే సవరణలో బడి అయినంక కుటుంబ పనిలో సాయం చేయొచ్చని ఒక సందు కూడా వదిలిండ్రు. ఇప్పుడు ఆఫీసర్ వస్తే ప్రతి పిల్లా "మా మామ చేను సారూ" అనే చెప్తది.

వనపర్తి. తండాల్ల గుంపు మేస్త్రీ దిగుతడు. జోడీకి ఇంత అని మాట్లాడుతడు. ఒక లెక్క అనుకుందాం. ఆలుమగలకు కలిపి 80 వేలు, తొమ్మిది నెలల పని. 270 రోజులకు పంచితే రోజుకు జోడీకి 296 రూపాయలు, మనిషికి 148. తెలంగాణలో 2025-26 ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. అందులో సగం కూడా కాదు. పైగా తిండి ఖర్చు, జ్వరమొస్తే నాగా, నాగా పడ్డ రోజుకు కోత. తొమ్మిది నెలలైనంక లెక్క చూస్తే ఇంకా మనమే బాకీ ఉంటం. పెబ్బేరు సంతల ఎద్దుకు బేరం పెట్టినప్పుడు కూడా ఆ ఎద్దు మీద అప్పు రాయరు. మనిషిని బేరం పెట్టినప్పుడే అప్పు మనిషి నెత్తినే ఉంటది.

ఇక్కడ సుప్రీంకోర్టు మాట ఒకటి గుర్తుపెట్టుకోవాలె. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు పనే అని చెప్పింది. వేరే దారి లేక ఒప్పుకున్నా సరే, ఆకలి కూడా బలవంతమే అని తేల్చింది. "ఇష్టంతోనే పోయిండు గదా" అనే వాదన నలభై ఏండ్ల కిందనే కోర్టులో ఓడిపోయింది. మన గ్రూప్‌లో మాత్రం ఇంకా గెలుస్తున్నది.

నాగర్‌కర్నూల్. 1981లో శ్రీశైలం నీళ్లు కొల్లాపూర్ దిక్కు ఊర్లను ముంచినయి. పాలమూరు జట్లు కట్టని డ్యామ్ లేదంటరు. అట్లా డ్యామ్‌లు కట్టిన నేల మీద ఊర్లే మునిగినయి. ఇప్పుడు అదే నీళ్లల్ల బయటి కాంట్రాక్టర్లు దిగి, ఒడ్డున ఉన్న చెంచు కుటుంబాలకు అడ్వాన్స్ ఇచ్చి వలలు లాగిస్తరు. నిషేధం ఉన్న అలివి వలలు కూడా లాగిస్తరు. పట్టిన చేప ఇంకొకరికి అమ్మొద్దు, ధర కాంట్రాక్టర్ చెప్పిందే. నాలుగో లక్షణం యాదికి తెచ్చుకోండి. తన కష్టం బజారు ధరకు అమ్ముకోలేకపోతే అది వెట్టే. చేప కూడా అంతే.

పనికి రానంటే ఏమైతదో కూడా చూసినం. 2024 జూన్‌లో కొల్లాపూర్ మండలంలో ఒక చెంచు అక్కను పనికి రావట్లేదని పెట్టిన చిత్రహింస రాష్ట్రమంతా వార్తయింది. నిమ్స్ దాకా పోయింది, అరెస్టులైనయి. అప్పుడు మనందరం స్టేటస్‌లు పెట్టినం. ఆ అక్క దెబ్బలు ఫోటోల్ల కనపడ్డయి కాబట్టి పెట్టినం. దెబ్బ కనపడకుండా రోజూ జరిగేదాన్ని "పని" అనుకుంటున్నం.

ఇప్పుడు మన వాళ్లు అడిగే ప్రశ్నలకు వద్దాం.

"తీసుకున్న డబ్బు కట్టొద్దా? మాట తప్పినట్టు కాదా?" ఈ మాట మన పెద్దలే అంటరు. మాట మీద నిలబడే జాతులం మనం, అందుకే ఈ అడ్వాన్స్ మన మీద ఇంత బాగా పని చేస్తది. కానీ చట్టం ప్రకారం వెట్టి కింద ఉన్న అప్పు రద్దయినట్టే. దాన్ని వసూలు చేసుకుంటేనే నేరం. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా ఇచ్చినోడే, తీసుకున్నోడు కాదు.

"మేస్త్రీ మనోడే గదా?" అవును, అదే మన సిగ్గు. కంపెనీ సారు తండాకు రాడు. వచ్చేది మన బావ, మన మామ, ఇంటర్ చదివిన మన అన్న. మనిషికి ఇంత కమీషన్. ఆ పోస్టు పెట్టిన మిత్రుడు చెడ్డోడని మేం అంటలేం. అతనింట్ల కూడా బాకీ ఉండొచ్చు. కానీ మన భాష, మన చుట్టరికం, చివరికి మన గ్రూప్ కూడా ఆ బేరానికి సంతగా మారుతుంటే చూస్తూ ఊకోవాల్నా?

"మరి పని ఎవరిస్తరు?" ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పాల్సింది సర్కారు. ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ ఉండాలని చట్టంలోనే ఉంది. అది ఎప్పుడు కూర్చుంది, ఎంతమందిని విడిపించింది అని మనలో ఎవరైనా అడిగినమా? విడుదలైనోళ్లకు కేంద్ర పథకం కింద వెంటనే 30 వేల దాకా ఇవ్వాలె. ఆ తర్వాత మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్ల 3 లక్షలు. అయితే ఆ పెద్ద మొత్తాన్ని దోషికి శిక్ష పడుడుతోని ముడిపెట్టిండ్రు. కేసు నడవదు, శిక్ష పడదు, పైసలు రావు, మనిషి మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికి పోతడు. ఇది సర్కారు పెట్టిన ముడి. విప్పమని అడగాల్సింది మనం.

చేయలేరా అంటే చేయగలరు. ఈ రాష్ట్రంలోనే ఎస్.ఆర్. శంకరన్ అనే ఐఏఎస్ అధికారి సాంఘిక సంక్షేమం చూస్తున్న రోజుల్ల జీతగాళ్ల దగ్గరికే పోయి, మీ అప్పు రద్దయింది అని చెప్పిండు. పైవాళ్లకు నచ్చలేదు, అయినా మాట మార్చలేదు. బ్రెజిల్‌లో 1995 నుంచి తనిఖీ బృందాలు అడవుల్లోని తోటల దాకా పోయి కూలీలను విడిపిస్తున్నయి. బానిస పని చేయించిన యజమానుల పేర్ల జాబితాను సర్కారే బయట పెడ్తది. మన దగ్గర విడుదలైన కూలోని ఫోటో పేపర్‌లో వస్తది. పని చేయించుకున్నోని పేరు రాదు.

అందుకే కొన్ని నిర్ణయాలు తీసుకున్నం. ఒకటి, ఈ గ్రూప్‌లో అడ్వాన్స్ మాటతో ఏ పని పోస్టూ ఉండదు. రోజు కూలి ఎంత, ఎక్కడ, ఎన్ని గంటలు, మధ్యలో రావాలంటే రావచ్చా అని రాసిన పోస్టే ఉంటది. 18 ఏండ్ల లోపు పిల్లలను అడిగే పోస్టు పెడితే సభ్యత్వం తీసేస్తం. రెండు, దసరా సెలవులైనంక హాస్టల్‌కు తిరిగి రాని పిల్లల పేర్లు ఎవరి తండా, ఎవరి పెంట వాళ్లు రాసి తెద్దాం. పేర్లు గ్రూప్‌లో పెట్టొద్దు, నేరుగా వార్డెన్‌కు, 1098కి చెప్దాం. మూడు, మూడు జిల్లాల కలెక్టరేట్లల్ల సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. విజిలెన్స్ కమిటీ సమావేశాల తేదీలు, ఇచ్చిన విడుదల పత్రాల సంఖ్య అడుగుదాం. నాలుగు, ఎవరైనా ఇరుక్కున్నరని తెలిస్తే ఆర్డీవోకు రాతపూర్వకంగా ఇద్దాం. న్యాయ సహాయానికి 15100 ఉంది. దళిత, ఆదివాసీలతో వెట్టి చేయిస్తే అట్రాసిటీ చట్టం కింద కూడా నేరమే, ఆ సెక్షన్ కూడా రాయమని పట్టుబడదాం. విడుదల పత్రం చేతికి రాకుండా ఎవర్నీ ఇంటికి తీసుకురావొద్దు. పత్రం లేకుంటే రేపు మేస్త్రీ వచ్చి "పారిపోయిండు" అంటడు.

చివరిగా, "మా తండాల ఉన్నరు అన్నా" అని రాసిన తమ్ముడికి. తమ్మీ, నువ్వు మంచి మనసుతోనే రాసినవని మాకు తెలుసు. కానీ నువ్వు రాసిన ఆ "ఉన్నరు"లో నీ చెల్లె కూడా ఉంది. ఆమె ఏడో తరగతి. ఆమె కోసం ఈ పోస్టును ఇంకొకసారి చదువు. ఆ తర్వాత కూడా మేం చేసింది తప్పనిపిస్తే ఇక్కడనే, అందరి ముందర రాయి. జవాబిస్తం.

జై సేవాలాల్. జై భీమ్. జై ఆదివాసీ.