ఎముకలో మచ్చ... క్యాన్సరేనా?

రెంటచింతల అనగానే ఎండలే గుర్తొస్తాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటడం అక్కడ కొత్తేమీ కాదు. అందుకే మూత్రం సరిగా రాకపోతే 'వేడి చేసింది' అనుకుని మజ్జిగ తాగి ఊరుకునేవాళ్లే ఎక్కువ. కానీ అరవై దాటిన మగవాళ్లలో ధార సన్నబడినా, రాత్రిళ్లు పదేపదే లేవాల్సి వస్తున్నా అది ప్రోస్టేట్ గ్రంథి ఇబ్బంది కావచ్చు. చాలామందిలో అది వయసుతో వచ్చే వాపే. కొందరిలో మాత్రం పీఎస్‌ఏ రక్తపరీక్ష, ఎమ్మారై, బయాప్సీ అయ్యాక క్యాన్సర్ అని తేలుతుంది.

అప్పుడు ఇంటిల్లిపాదీ అడిగేది ఒకటే... 'ఆపరేషన్ ఎప్పుడు?' అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. 'జబ్బు ఎంతవరకు పాకింది?'

ఏ స్కాన్ దేనికి?

క్యాన్సర్ గ్రంథి లోపలే ఉందా, పైపొర దాటిందా, పక్కనున్న శుక్రకోశాల్లోకి వెళ్లిందా అన్నది ఎమ్మారై చెబుతుంది. బయాప్సీకి ముందే ఇది తీయిస్తే మంచిది. తర్వాతైతే సూది గుచ్చినచోట నిలిచిన రక్తం వల్ల కొన్ని వారాలపాటు బొమ్మ స్పష్టంగా రాదు. పొట్ట, కటిభాగంలోని లింఫు గ్రంథుల కోసం సీటీ, ఎముకల కోసం బోన్ స్కాన్ చేస్తారు. ఇవి అందరికీ అక్కర్లేదు. పీఎస్‌ఏ 20 దాటినా, బయాప్సీలో గ్లీసన్ స్కోరు 8 లేదా అంతకు మించినా తప్పనిసరి. ముప్పు తక్కువగా ఉన్నవారికి బోన్ స్కాన్‌తో సాధారణంగా పనిలేదు.

జబ్బు ఎముకలకు చేరితే మామూలుగా గ్రంథి తీసే ఆపరేషన్ చేయరు. హార్మోన్ చికిత్స, మందులే ప్రధానమవుతాయి. అంటే ఎముకలో కనిపించే ఒక్క మచ్చ వైద్యం దారినే మార్చేస్తుంది!

నీళ్లతో తిరకాసు

బోన్ స్కాన్ నేరుగా క్యాన్సర్‌ను చూపదు. ఎముక ఎక్కడ చురుగ్గా మరమ్మతు అవుతోందో చూపుతుంది. పాత దెబ్బలు, కీళ్ల అరుగుదల కూడా అందులో మచ్చలుగానే కనిపిస్తాయి. పల్నాడు వాసులకు మరో చిక్కుంది... బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఈ నీళ్ల వల్ల ఎముకలు దెబ్బతినడాన్ని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు నమోదు చేశారు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారి వెన్నెముక, కటి ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకినా ఎముక అలాగే దట్టమవుతుంది. రెండూ ఎక్కువగా కనిపించేది ఆ ఎముకల్లోనే.

తేడా పట్టుకునే దారులున్నాయి. క్యాన్సర్ మచ్చలు చాలావరకు అక్కడక్కడా ఉంటాయి. ఫ్లోరోసిస్‌లో ఎముకలన్నీ ఒకేలా దట్టమవుతాయి. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరైడ్‌నే అనుమానించాలి. పీఎస్‌ఏ ఎంతుందన్నదీ ఒక ఆధారమే.

కొత్త స్కాన్

పీఎస్ఎంఏ పెట్ స్కాన్ ఎముక మరమ్మతును కాకుండా, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలపై ఎక్కువగా ఉండే ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆస్ట్రేలియాలో 302 మందిపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. అందులో సీటీ, బోన్ స్కాన్ కలిపి 65 శాతం కచ్చితత్వం చూపితే, దీనిది 92 శాతం. అయితే ఇది కూడా చిన్న గడ్డలను వదిలేయొచ్చు. ఖర్చూ ఎక్కువే. ఇందుకోసం హైదరాబాద్ లాంటి నగరాలకు వెళ్లాల్సి రావచ్చు.

మరవకండి

* ఏ ఊళ్లో, ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారో డాక్టరుకు చెప్పండి. అడగకపోయినా సరే.
* పాత ఎక్స్‌రేలు, విరిగిన ఎముకల కాగితాలు వెంట తీసుకెళ్లండి.
* సీటీకి ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. ఎండలో ప్రయాణం చేసి వెళ్లేవారు డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగాలి.
* ఒక్క మచ్చ చూసి 'ఆఖరి దశ' అని బెంబేలెత్తొద్దు. అనుమానంగా ఉంటే ఎమ్మారైతోనో, అవసరమైతే ఎముక బయాప్సీతోనో తేల్చుకున్నాకే నిర్ణయానికి రావాలి.