అంతర్జాలంలోని పుస్తకానికి బాధ్యులెవరు?

పాత తెలుగు పుస్తకం కోసం వెతికేవాళ్లు ఇవాళ చాలావరకు మొదట చూసేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌నే. శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా 1996 నుంచి నడుస్తున్న లాభాపేక్షలేని సంస్థ అది. మన పుస్తకాలు అంత దూరం ఎలా చేరాయో తెలుసుకుంటే, ఇక్కడి గ్రంథాలయాలు ఇకపై చేయాల్సిన పనేమిటో కూడా తెలుస్తుంది.

2000 దశకం తొలి ఏళ్లలో పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లకెక్కించే ప్రయత్నం మొదలైంది. దాని వెనుక ఉన్నది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. మన దేశంలో బెంగళూరులోని ఐఐఎస్సీ ఈ పనికి సారథ్యం వహించింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రమైంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో లక్షల పుస్తకాలు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. కొన్నేళ్లకు ఆ వెబ్‌సైటు మూతపడింది. అమెరికాకు చెందిన కార్ల్ మలమూద్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టబట్టి అవి దక్కాయి. ప్రజల సొమ్ముతో జరిగిన పని ఒక విదేశీయుడి చొరవ వల్ల నిలిచిందన్నమాట.

ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇచ్చిన ఆ నీడ కూడా శాశ్వతమని చెప్పలేం. పుస్తకాలను స్కాన్ చేసి అరువిచ్చే పద్ధతిపై ప్రచురణకర్తలు వేసిన కేసులో ఆ సంస్థ 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది. మరుసటి నెలలోనే సైబర్ దాడి జరిగి, కొన్ని రోజులపాటు సేవలు ఆగిపోయాయి.

పుస్తకం ఉన్నంతమాత్రాన దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. నాడు హడావుడిగా స్కాన్ చేసిన పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకదానితో ఒకటి పొసగని వర్ణక్రమంతో నమోదయ్యాయి. కొన్నింటికి రచయిత పేరు తప్పు, కొన్నింటికి ముద్రణ సంవత్సరం తప్పు. మధ్యలో పేజీలు లేనివీ ఉన్నాయి. తెలుగులో టైపు చేసి వెతికితే ఇవి తగలవు. బొమ్మలోంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ కొంత మెరుగుపడినా, పాత అచ్చులోని చెరిగిన ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తడబడుతుంది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పేజీ పేజీకీ ఈ తప్పులు దిద్దుతున్నారు. పుస్తకాన్ని పరిశీలించి, వివరాలు సరిచూసి, జాబితాకెక్కించడం గ్రంథపాలకులు శిక్షణ పొంది మరీ నేర్చుకునే విద్య. డిజిటల్ యుగం వాళ్ల అవసరాన్ని మరింత పెంచింది.

హక్కుల చిక్కు మరొకటి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 1940లో కన్నుమూసిన గిడుగు రామమూర్తి రచనలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరి దాకా ఆగాలి. పేరున్నవాళ్ల సంగతి తేలిగ్గానే తేలుతుంది. ఒకటి రెండు పుస్తకాలు రాసి మరుగునపడిన వాళ్ల వారసులెవరో ఆ ఊరి గ్రంథాలయం ఆరా తీయగలిగినట్టు దూరాన ఉన్న సంస్థ తీయలేదు. వ్యాపార దృష్టి లేని పౌర గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రత కోసం డిజిటల్ రూపంలో దాచుకోవడానికి 2012 సవరణ వీలు కల్పించింది. అంటే, అందరికీ చూపించడానికి అనుమతి రావడం ఆలస్యమైనా, కాపాడే పని ఆపనక్కర్లేదు.

కాపాడే పని మన గ్రంథాలయాలకు కొత్త కాదు. 1914లో విజయవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన నాటి నుంచి అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయ వ్యవస్థకు పునాది వేశారు. హైదరాబాద్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, వేటపాలెంలోని సారస్వత నికేతనం వంటివి పాత పుస్తకాలకు, పత్రికలకు ఆలవాలమయ్యాయి. నేడు అనేక పఠన మందిరాలు సొంత గైడ్లు తెచ్చుకుని చదువుకునే ఉద్యోగార్థులతో నిండుతున్నాయి. ఆ అవసరమూ న్యాయమైనదే. అయితే కుర్చీ, ఫ్యాను, వెలుతురు ఇవ్వడంతోనే గ్రంథాలయం పని అయిపోకూడదు.

ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థ ముందుగా తన పరిధిలోని అరుదైన పుస్తకాలు, స్థానిక పత్రికలు, సంస్థల ప్రత్యేక సంచికలు, కరపత్రాల జాబితాను తెలుగులో తయారుచేయాలి. ఇంకెక్కడా లేనివాటిని మొదట స్కాన్ చేయాలి. డిజిటల్ ప్రతులను కనీసం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. స్కాన్ అయిపోయిందని మూల ప్రతిని తూకానికి వేయకూడదు. స్కానింగ్‌కు ఒకసారి నిధులిస్తే సరిపోతుంది. జాబితాకు, నిర్వహణకు ఏటా డబ్బు కావాలి. ఇంటి పన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు ఏటా వచ్చే ఆదాయమే. దాన్ని స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సకాలంలో జమచేసేలా చూసి, అందులో కొంత భాగాన్ని ఈ పనికే ప్రత్యేకించడంతో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ మొదలుపెట్టవచ్చు.