గొడుగు దిగివచ్చింది

మా బాబాయి నాంపల్లి స్టేషను వెనక సందులో, లోగిలి ఉన్న పాత డాబా ఇంట్లో ఉంటున్నాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చిన కొత్తలో మోజుపడి మేడమీద ఎనిమిదడుగుల జల్లెడ డిష్ పెట్టించాడు. ఇంట్లో పిల్లలకు అది గొడుగు, వీధిలో వాళ్ళకు ఛత్రీ. ఇన్నేళ్ళూ నమ్మకంగా పనిచేసింది. ఒకనాడు బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి, ఆనక అదీ లేకుండా పోయింది.

"పారేసి చిన్నది పెట్టించు నాన్నా!" అన్నాడు మా తమ్ముడు పూణే నుంచి ఫోనులో. పాతసామాన్లవాడు వచ్చి ఇనప రేటు కూడా చెప్పి వెళ్ళాడు.

అసలు చిక్కు అక్కడ లేదు. పిన్నికి పక్షవాతం వచ్చి రెండేళ్ళు. మాట స్పష్టంగా రాదు. మంచంమీంచి ఆవిడకు కనిపించే లోకమల్లా లోగిలి వైపు కిటికీ, ఎదురుగా టీవీ. చిన్న డిష్ పక్కింట్లో ఉన్నది. శ్రావణం వాన కాస్త గట్టిగా పట్టిందో, అది కళ్ళు మూసుకుంటుంది. దాని తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు, వాన చినుకులు దాన్ని తాగేస్తాయి. పెద్ద డిష్ పట్టే తరంగం ఏడున్నర సెంటీమీటర్లు గనక వానను అంతగా లెక్కచెయ్యదు. బయట వాన కురుస్తూ, లోపల టీవీ ఆరిపోయి, పిన్ని గోడవైపు చూస్తూ పడుకోవడం బాబాయి ఊహించలేకపోయాడు. "నువ్వొచ్చి చూడరా" అని కబురు పెట్టాడు. దసరా సెలవులు గదా, వెళ్ళాను.

అప్పటికే ఒక మెకానిక్కు వచ్చి రెండుసార్లు ఎల్‌ఎన్‌బీ మార్చి, రెండుసార్లు డబ్బు పుచ్చుకున్నాడట. నేను కేబులు అతుకులు విప్పి చూశాను. ఒకదానిలో నీళ్ళు చేరి రాగి తీగ పచ్చబడింది. కొత్త కనెక్టరు వేశాను. లాభం లేదు. డిష్ వంగిందేమోనని అంచు నుంచి అంచుకు రెండు దారాలు అడ్డంగా, నిలువుగా బిగించాను. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకీతాకనట్టు ఒరుసుకుంటే పళ్ళెం సరిగా ఉన్నట్టు; ఎడం ఉన్నా, ఒకదాన్నొకటి నొక్కినా వంకర పోయినట్టు. మనది తాకీతాకనట్టే ఉన్నది.

ఇహ మిగిలింది చూపు. ఇంత డిష్‌కు ఒక్క డిగ్రీ చూపు తప్పితే చాలు, సంకేతంలో సగం పోతుంది. ఒక డిగ్రీ అంటే ఈ అంచుకూ ఆ అంచుకూ నాలుగు సెంటీమీటర్ల తేడా. సంక్రాంతికి గాలిపటం కుర్రాడు ఒకడు ఆనుకుంటే సరిపోతుంది. మీటరు లేకుండా చూపు తేల్చడం ఎట్లా?

దీనికి ఏటా రెండుసార్లు సూర్యభగవానుడే వచ్చి తీర్పు చెబుతాడు. మార్చి నడుమ కొద్ది రోజులు, సెప్టెంబరు ఆఖరు - అక్టోబరు మొదట్లో కొద్ది రోజులు, మనకు ఉపగ్రహం వెనగ్గా సూర్యుడు నడిచిపోతాడు. బాబాయి డిష్ చూసే జీశాట్-30, 2020 జనవరిలో పైకి వెళ్ళింది, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉన్నది. హైదరాబాదుకు ఆ ముహూర్తం అక్టోబరు ఒకటి ప్రాంతంలో, పగలు పదకొండు ముప్పావుకు. ఆ వేళకు ఎల్‌ఎన్‌బీ నీడ సరిగ్గా పళ్ళెం నడిబొడ్డున పడాలి. (నీడను మాత్రమే చూడండి, సూర్యుణ్ణి కాదు సుమండీ!) బాబాయి గడియారం పట్టుకుని నిలబడ్డాడు. నీడ మెల్లగా జరిగి, వచ్చి, నడిబొడ్డున కూర్చుంది.

డిష్ తప్పు లేదన్నమాట. బాబాయి ముఖం వెలిగింది. నాకు మాత్రం పాలుపోలేదు. తలెత్తి చూద్దును గదా, పక్క మేడ మీద కొత్త సెల్‌ఫోను టవరు!

మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలయింది. అందులో ఒక భాగం 3300 నుంచి 3670 మెగాహెర్ట్జుల మధ్య నడుస్తుంది. ఉపగ్రహం పలికేది 3700 పైన. పాత ఎల్‌ఎన్‌బీలు 3400 నుంచే చెవులు తెరుచుకుని కూర్చుంటాయి. ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల దూరం నుంచి గుసగుసగా చెబుతుంటే, పక్కింటి మేడ మీంచి నుమాయిష్ లౌడుస్పీకరు మోగితే ఏం వినిపిస్తుంది? ఎన్ని ఎల్‌ఎన్‌బీలు మార్చినా అంతే.

మందు ఉన్నది. ఫీడ్‌కూ ఎల్‌ఎన్‌బీకీ మధ్య బిగించే ఇనప గొట్టం లాంటి ఫిల్టరు. దానికోసం ఆబిడ్స్ వెళ్ళాను. జగదీశ్ మార్కెట్లో అడిగితే కుర్రవాడు నవ్వాడు. "అరె చచ్చా, ఇప్పుడు ఛత్రీ ఎవరు చూస్తున్నారు? ఫోన్లో చూసుకోండి!" పెద్ద పోస్టాఫీసు దాటి నడుచుకుంటూ కోఠీ గుజరాతీ గల్లీకి పోయాను. అక్కడ దొరికింది. బిగించాక సగం ఛానెళ్ళు తిరిగి వచ్చాయి. పిన్ని చూసేది మాత్రం రాలేదు.

అప్పుడు తట్టింది: డిష్‌ను కిందికి దించేస్తే? "ఇంకా ఎత్తు పెంచాలి గాని దించడమేమిట్రా!" అన్నాడు బాబాయి. పాత ఏరియల్ రోజుల అలవాటు అది. డిష్‌కు కావలసింది ఎత్తు కాదు, తను చూసే ఆకాశపు ముక్క. లండను వాళ్ళకు తమ ఉపగ్రహం 25 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది; ఎదురిల్లు అడ్డం రావచ్చు. మనకు ఇది 69 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన, దక్షిణానికి కాస్త తూర్పుగా ఉన్నది. డిష్ అంచుకు పైన పన్నెండడుగుల గోడ లేచినా, ఐదడుగులు ఎడం ఉంటే ఏ అడ్డూ లేదు. పైగా ఆ గోడే టవరు రొదను కాస్తుంది.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహంతో మన పల్లెలకు టీవీ చూపినప్పుడు, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళలో పెట్టిన డిష్‌లు పదడుగుల కోళ్ళగూటి వలలే. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పెట్టెలు మన హైదరాబాదు ఈసీఐఎల్ చేసింది. ఆ తరంగం 35 సెంటీమీటర్లు గనక అంత పెద్ద కన్నాల వలైనా చాలింది. మన జల్లెడ కన్నాలు సన్నవి, పళ్ళెం తేలిక. రెక్కలకు రంగుతో గుర్తులు పెట్టి, విప్పి, నలుగురం మెట్లమీంచి దించాం. లోగిట్లో పైపు పాతి, తూకందారంతో నిలువు చూసి బిగించాం.

సాయంత్రానికి వంటింట్లోంచి బాబాయి కేక: "వచ్చిందోయ్!" అప్పటికే పిన్ని చూస్తున్నది. నన్ను చూసి ఎడమచేయి ఎత్తి కిటికీ వైపు చూపించింది. మంచంమీంచి ఇప్పుడు గొడుగు కూడా కనిపిస్తుంది. దాని అంచున కాకి ఒకటి వాలి ఉన్నది.

బట్టలారేసుకునే తీగకు మాత్రం చోటు లేకుండా పోయిందని పనిమనిషి ఇప్పటికీ నన్ను తిడుతున్నదట.