సొరంగం తవ్విన కూలీ ఎక్కడ?

పిడుగురాళ్ల దగ్గరి గుత్తికొండ బిలం గురించి తెలియనివారు పల్నాడులో ఉండరు. పురాణాల్లోని ముచికుందుడు నిద్రపోయింది ఇక్కడేనంటారు. కారంపూడి యుద్ధం ముగిశాక పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్లిపోయాడంటారు. తొలి ఏకాదశికి జనం పోటెత్తుతారు. ఈ కథలతో నాకు తగువు లేదు. నా తగువంతా వాటికి అంటుకున్న ఇంకో మాటతో. ఈ బిలం లోపలి దారి శ్రీశైలం దాకా పోతుందట, కాశీ దాకా కూడా పోతుందట. కొండవీటి కోట గురించీ ఇలాంటి మాటే చెబుతారు. గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందంటారు. ఊరు మారుతుంది గాని కథ మారదు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. బ్రిటన్ జాతీయ రైల్వే 1968 ఆగస్టులో ప్రధాన మార్గాల మీద ఆవిరి రైళ్లను ఆపేసింది. అణుయుద్ధం వచ్చి డీజిలు, కరెంటు లేకుండా పోతే వాడుకోవడానికి ప్రభుత్వం ఎన్నో ఆవిరి ఇంజన్లను బాక్స్ అనే రైలు సొరంగం దగ్గర భూమిలో దాచిందని పుకారు లేచింది. నిజానికి ఆ సొరంగం పక్కనున్న రాతి గనుల్లో రహస్యం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ మందుగుండు నిల్వ చేశారు. తర్వాత, అణుయుద్ధం వస్తే ప్రభుత్వం తలదాచుకోవడానికి భూగర్భ స్థావరం కట్టారు. 2004లో దాని సంగతి అధికారికంగా బయటపెట్టారు. ఇంజన్లు మాత్రం అక్కడ లేవు. పోలండ్‌లో బంగారంతో నిండిన నాజీ రైలు ఆచూకీ దొరికిందని 2015లో ఇద్దరు ప్రకటించారు. 2016లో తవ్వితే రైలూ లేదు, బంగారమూ లేదు.

ఇంజన్ల పుకారును నమ్మినవారు ఇంజనును చూశారు గాని, దాన్ని నడిపే మనుషులను చూడలేదు. ఆవిరి ఇంజను ఊరికే పడి ఉంటే బాయిలర్ తుప్పు పడుతుంది, గొట్టాలు చెడతాయి. దాన్ని పనికొచ్చేలా ఉంచాలంటే ఫిట్టర్లు ఉండాలి, ఫైర్‌మన్లు ఉండాలి, బొగ్గూ నీళ్లూ ఉండాలి. ఇంతమంది జీతాలు ఏ పద్దులోనూ కనబడకుండా, వారిలో ఒక్కరూ ఇంట్లో నోరు విప్పకుండా దశాబ్దాలు గడవాలి.

మన సొరంగం కథకూ ఇదే పరీక్ష పెట్టాలి. గుత్తికొండ నుంచి శ్రీశైలానికి తిన్నగా గీత గీసినా సుమారు 100 కిలోమీటర్లు ఉంటుంది. మనిషి నిలబడి నడిచేలా రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు చాలనుకుందాం. అప్పటికీ తీయాల్సిన రాయి 4 లక్షల ఘనపు మీటర్లు. పగలగొట్టిన రాయి గుల్లబారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంత రాయి బయట ఎక్కడో గుట్టలుగా పడి ఉండాలి. ఆ గుట్టలేవి? లోపలికి గాలి ఆడటానికి తీసిన బావులేవి? ఊరిన నీటిని తోడిన ఏర్పాటేది?

ఈ కాలపు యంత్రాలతో తవ్వినవారిని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. పక్కనే ప్రకాశం జిల్లాకు కృష్ణా నీళ్లు తేవడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టులో రెండు సొరంగాలున్నాయి. ఒక్కొక్కటీ సుమారు 18.8 కిలోమీటర్లు. మొదటిది 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. వాటికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం సుమారు 44 కిలోమీటర్లు. దాదాపు రెండు దశాబ్దాలుగా తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. పొట్ట చేతబట్టుకుని దూర రాష్ట్రాల నుంచి వచ్చినవారు అందులో ఉన్నారు. సొరంగం అంటే ఇది. కాశీ దాకా దారి ఉందని తేలిగ్గా అనేసినప్పుడు ఇలాంటి కూలీల చెమటను, చావును లెక్కలోంచి కొట్టేస్తున్నాం.

మరి బిలం ఎలా వచ్చింది? పల్నాడు నేలలో సున్నపురాయి ఉంది. పిడుగురాళ్ల సున్నం బట్టీలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారం అదే. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లమవుతుంది. పగుళ్లలోకి దిగి సున్నపురాయిని లక్షల ఏళ్లపాటు కొద్దికొద్దిగా కరిగిస్తుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలూ సున్నపురాయిలో ఇలాగే ఏర్పడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో వాటి గురించి రాశాడు. 1980లలో జర్మనీకి చెందిన గెబవర్ బృందం వాటిని పరిశోధించింది. ఇంత పేరున్న ఆ గుహల పొడవు 3,229 మీటర్లు. కొలిచినప్పుడు తేలే అంకె ఇలా ఉంటుంది. కొలవని చీకటికి మాత్రం మనం కోరుకున్న ఊరి పేరు పెట్టుకుంటాం.

లోపలికి వెళ్లినవారు తిరిగి రాలేదన్నది మరో సాక్ష్యంగా చెబుతారు. గాలి ఆడని గుహల్లో బొగ్గుపులుసు వాయువు పల్లపు చోట్ల చేరుతుంది. అక్కడ మనిషి ఊపిరాడక పడిపోతాడు. ఆ చావును మహిమగా చెప్పడం తర్వాత వెళ్లే కుర్రాడి ప్రాణానికే ముప్పు.

పూర్వీకుల గొప్పతనాన్ని కాదంటున్నావా అని అడిగేవారుంటారు. కాదనను. కోటలకు దిడ్డివాకిళ్లు, పొట్టి సొరంగాలు నిజంగానే ఉండేవి. వారి గొప్పతనం నాగార్జునకొండ శిల్పాల్లో, కొండవీటి బురుజుల్లో కళ్లెదుట ఉంది. అలాంటి కట్టడాలకు ఈ పుకార్లే చేటు తెచ్చాయి. సొరంగం కథ వెనుకే గుప్తనిధి కథ నడుస్తుంది. 18వ శతాబ్దం చివర్లో అమరావతిలో దీపాలదిన్నె అనే బౌద్ధ స్తూపపు దిబ్బను రాతి కోసం, నిధి ఆశతో తవ్వేశారు. కొన్ని సున్నపురాతి శిల్పాల పలకలు కాలి సున్నమయ్యాయి. కంపెనీ సర్వేయరు మెకంజీ చూసి రాసిపెట్టిన వివరాలు, తర్వాత మద్రాసుకూ లండన్‌కూ చేరిన పలకలు మిగిలాయి. ఈరోజుకీ నిధి పేరు చెప్పి పాత గుళ్లలో విగ్రహాలను పెకలించేవారున్నారు. అమాయకుల దగ్గర డబ్బు గుంజే మంత్రగాళ్లున్నారు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి. ఆ సంగతి వారెవరూ చెప్పరు.

రహస్య దారుల కథలు అలా ఉంటే, నిజమైన రైలు మార్గం ఎలా వస్తుందో పల్నాడు చూస్తూనే ఉంది. నడికూడి–శ్రీకాళహస్తి మార్గం 309 కిలోమీటర్లు. దాన్ని 2011–12లో మంజూరు చేశారు. భూసేకరణ, పరిహారం, టెండర్లు, కట్టలు, వంతెనలు అన్నీ ఊళ్లవారి కళ్లముందే జరిగాయి. ఆలస్యమైతే అడిగారు, పొలం పోతే పోరాడారు. ఆ హక్కు మనకు ఉన్నది కనబడే పని మీదే.

అందుకే గుత్తికొండ బిలాన్ని సాధనాలతో, నిపుణులతో కొలిపించి, పటం గీయించి బడి పిల్లల ముందు పెట్టాలని పల్నాడు జిల్లా యంత్రాంగాన్ని అడుగుదాం. ఇకముందు ఎవరైనా రహస్య సొరంగం అంటే మూడు ప్రశ్నలు వేయడం పిల్లలకు నేర్పుదాం: తీసిన రాయి ఎక్కడ పోశారు? లోపలికి గాలి ఎలా వచ్చింది? తవ్విన కూలీలెవరు, వారికి అన్నం పెట్టిందెవరు? ఈ మూడింటికీ జవాబు లేని సొరంగాన్ని ఎవరూ తవ్వలేదు.